సెషన్‌కీ సెషన్‌కీ మధ్య: రాయగడలో ఉండి ఆందోళనకు చికిత్స తీసుకోవడం

ఆందోళనకు థెరపీ అంటే వారానికోసారి ఒకరి ముందు కూర్చుని బాధ చెప్పుకుని తేలికపడి రావడం అనుకుంటారు మనవాళ్లు. నా అనుభవంలో ఆ గంట చికిత్సలో చిన్న ముక్క. మిగతా ఆరు రోజులు ఇంట్లో, బజారులో, రైల్లో చేసే పనే రోగాన్ని కదిలిస్తుంది. ఈ సంగతి ముందే తెలిస్తే ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం లాంటి ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లకు ఒక పెద్ద అడ్డంకి తొలగిపోతుంది. థెరపిస్టు మన ఊళ్లో లేకపోయినా పని సాగుతుంది. పదిహేను రోజులకోసారి విశాఖ వెళ్లినా, ఫోన్లో వీడియో మీద మాట్లాడినా సరిపోతుంది.

ఇటు పక్క ఆందోళన ఆందోళనలా మొదలవ్వదు. గ్యాస్‌లా, బీపీలా, గుండె దడలా, తల తిరుగుడులా వస్తుంది. కాబట్టి మొదటి మెట్టు శరీర పరీక్షలే, దాన్ని దాటేయకూడదు. ఈసీజీ, బీపీ, షుగరు, హిమోగ్లోబిను, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా అచ్చం ఇలాగే దడ, చెమట, వణుకు వస్తాయి. ఇవన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పాక మాత్రం అక్కడితో ఆగాలి. చాలామంది ఆగరు. పార్వతీపురంలో ఒక ఈసీజీ, బొబ్బిలిలో ఇంకొకటి, విశాఖలో ఎకో (గుండె స్కాన్), ఎందుకైనా మంచిదని మళ్లీ ఒకటి. ప్రతి రిపోర్టూ రెండు రోజులు ఊరటనిస్తుంది, మూడో రోజు 'ఆ మెషిను సరిగా పట్టిందో లేదో' అనే అనుమానం మొదలవుతుంది. అప్పటికి పరీక్షలే రోగంలో భాగమైపోయాయన్నమాట. ఒక్క మినహాయింపు: నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు ఛాతీ నొప్పి వచ్చి చేతికో దవడకో పాకినా, నిజంగా స్పృహ తప్పి పడిపోయినా అది ఆందోళనే అనుకుని ఇంట్లో కూర్చోకూడదు, అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్నలో గందరగోళం ఎక్కువ. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిజిస్టరులోని నంబరును సీఆర్‌ఆర్ నంబరు అంటారు, అడిగితే చెప్పాలి, అడగడంలో మొహమాటం అక్కర్లేదు. కౌన్సిలర్ అనే బోర్డు మాత్రం రకరకాలవాళ్లు పెట్టుకుంటారు. మంచివాళ్లూ ఉంటారు, మూడు రోజుల కోర్సు చేసినవాళ్లూ ఉంటారు. మొదటి ఫోన్లోనే రెండు ప్రశ్నలు అడిగితే తేలిపోతుంది: 'సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచనల మీదా అలవాట్ల మీదా పని చేసే పద్ధతి) చేస్తారా? సెషన్ల మధ్య ఇంటి పని ఇస్తారా?' ఇంటి పని ఇవ్వని చోట ఏళ్ల తరబడి మాట్లాడుకుంటూ ఉండిపోవచ్చు.

ప్రభుత్వం వైపు చూస్తే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ప్రధాన ఆసుపత్రిలో అవుట్‌పేషంట్ చూస్తారు. మందుల్లో ఒడిశా 'నిరామయ' పథకం జాబితాలో ఉన్నవి ఉచితం. పెద్దాసుపత్రులంటే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. రైలు మీద తేలిక అనుకునేవాళ్లకు విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరు చెబితే ఇంట్లో పెద్దవాళ్లు హడలిపోతారు గానీ, అవుట్‌పేషంట్‌లో చూపించుకుని అదే రోజు ఇంటికి వచ్చేసేవాళ్లూ అక్కడికి వెళ్తుంటారు. ఎక్కడికీ కదలలేని స్థితిలో ఉంటే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది: 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగుతో సహా 20 భాషల్లో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసం తర్వాత చదవొచ్చు, ముందు ఆ నంబరుకు చేయండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. ఊళ్లో తెలిసిపోతుందేమో, పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందేమో అన్న భయం ఉన్నవాళ్లకు ఒక మాట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచమనే హక్కు రోగికి ఉంది.

మొదటి సెషన్ అంతా ప్రశ్నలే. ఎప్పటినుంచి, ఎక్కడ ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతుంది, ఏయే పనులు మానేశారు, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా, తాగుడు, గుట్కా, రోజుకెన్ని టీలు. తర్వాత జీఏడీ-7 అనే చిన్న కాగితం ఇస్తారు. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. ఈ కాగితం రోగాన్ని నిర్ధారించదు, కొలుస్తుంది అంతే. ప్రతి రెండు మూడు వారాలకూ మళ్లీ నింపుతూ ఉంటే 'నాకేం తగ్గలేదు' అనే రోజున చేతిలో ఒక లెక్క ఉంటుంది. అలాంటి రోజు తప్పకుండా వస్తుంది.

డాక్టరు ఒడియాలో అడుగుతారు, మనం ఒడియాలోనే చెబుతాం. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లు అన్నవరకు ఇబ్బంది లేదు. థెరపీలో ఆలోచనలు రాయమనే నోటుబుక్కు మాత్రం ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలోనే రాయాలి. 'ఇప్పుడు పడిపోతానేటో' అని మనసులో అనిపిస్తే అదే మాట పెట్టాలి. దాన్ని పద్ధతిగా మార్చి 'నాకు ఆందోళనగా ఉన్నది' అని రాస్తే పని చేయడానికి అందులో సరుకేమీ మిగలదు.

రెండో సెషన్‌లో శరీరం ఏం చేస్తుందో చెబుతారు. ఇది తెలియకుండా తర్వాతి పనులేవీ చేయబుద్ధి కాదు, అందుకే కొంచెం విడమరుస్తాను. మెదడు ప్రమాదం అని గుర్తించగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరిగి రక్తం కాళ్లూ చేతుల కండరాల్లోకి వెళ్తుంది. పొట్ట వైపు తగ్గుతుంది, అందుకే కడుపులో తిప్పడం. పరుగెత్తడానికి సిద్ధమైన శరీరం కాబట్టి ఊపిరి వేగమవుతుంది. కానీ మనం పరుగెత్తం, కుర్చీలో కూర్చునే ఉంటాం. అవసరానికి మించి ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొద్దిగా ముడుచుకుంటాయి. తల తేలిపోవడం, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కడం, ఛాతీ బిగుసుకోవడం, చుట్టూ ఉన్నవి కలలా కనిపించడం, ఇవన్నీ అక్కణ్నుంచే. 'ఊపిరాడటం లేదు' అనిపించే ఆ సమయంలో నిజానికి ఊపిరి ఎక్కువైంది. 'గట్టిగా గాలి పీల్చు నాయనా' అని పక్కవాళ్లిచ్చే సలహా అందుకే బెడిసికొడుతుంది.

ఇంకో భయం పడిపోతాననేది. స్పృహ తప్పాలంటే మామూలుగా బీపీ పడిపోవాలి. పానిక్‌లో, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే ఆ భయంలో, అది పెరుగుతుంది. కాబట్టి పానిక్ వల్ల మూర్ఛపోవడం అరుదు. రక్తం, సూది చూస్తే భయపడేవాళ్లది వేరే లెక్క, వాళ్లలో బీపీ నిజంగానే పడిపోతుంది. వాళ్లు కండరాలు వదులు చేసుకోకూడదు, బిగించాలి: చేతులూ తొడలూ పొట్టా 10 నుంచి 15 సెకన్లు బిగించి, 20, 30 సెకన్లు వదిలి, అలా అయిదుసార్లు. ఈ రెంటినీ కలిపేసి అందరికీ ఒకే రిలాక్సేషన్ ఆడియో ఇచ్చే చోట కొంచెం జాగ్రత్త.

పానిక్ సాధారణంగా పది నిమిషాల్లోపు శిఖరానికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది. ఇంత తొందరగా దిగేది ఏళ్ల తరబడి ఎలా ఉండిపోతుందన్నదే అసలు ప్రశ్న. దిగేలోపు మనం ఏదో ఒకటి చేస్తాం. బస్సు దిగిపోతాం, నీళ్లు తాగుతాం, నాడి పట్టుకు చూస్తాం, ఇంటికి ఫోన్ చేస్తాం, జేబులో ఉన్న మాత్రను తడుముకుంటాం. భయం తగ్గుతుంది. మెదడు లెక్క రాసుకుంటుంది: మాత్ర ఉండబట్టి బతికాడు. పచ్చికట్టెల పొగకు ఊరంతా లేచి బిందెలతో పరుగెత్తితే, మంట లేదన్న సంగతి ఎప్పటికీ తెలియదు. థెరపీలో వీటిని భద్రతా ప్రవర్తనలు అంటారు. వాటిని కనిపెట్టి ఒక్కొక్కటే వదలడంలోనే సగం చికిత్స ఉంది.

కనిపెట్టడానికి నోటుబుక్కు కావాలి. ఒక మామూలు రూళ్ల పుస్తకంలో అడ్డంగా ఆరు గళ్లు: తేదీ సమయం, ఎక్కడ ఏం జరుగుతోంది, మనసులో వచ్చిన వాక్యం, దాన్ని ఎంత శాతం నమ్మాను, భయం వందకు ఎంత, అప్పుడు ఏం చేశాను. జరిగిన అరగంటలో రాయాలి. రాత్రి పడుకునే ముందు గుర్తుతెచ్చుకుని రాస్తే అన్నీ ఒకేలా, చప్పగా వస్తాయి. రెండు వారాలు నిజాయతీగా నింపితే ఆరో గడిలో అవే మూడు నాలుగు పనులు తిరిగి తిరిగి కనిపిస్తాయి. తర్వాత ఏడో గడి చేరుస్తారు: చివరికి ఏమైంది. 'గుండె ఆగిపోతుంది, నమ్మకం 90' అన్న వరసకు ఎదురుగా 'ఆగలేదు, టిఫిన్ తిన్నాను' అని పడుతూ పోతే ఆ 90 వాదన లేకుండానే దిగుతుంది. ధైర్యంగా ఆలోచించు, మంచిగా ఆలోచించు అనే సలహాలకూ దీనికీ సంబంధం లేదు. ఇది ముందు జోస్యం రాసి, తర్వాత ఫలితం రాయడం.

ఊపిరి సాధన గురించి అందరూ చెబుతారు కాబట్టి తొందరగా చెబుతాను. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, పొట్ట కదిలేలా, తక్కువ గాలితో. రోజుకు రెండుసార్లు, అయిదు నుంచి పది నిమిషాలు, ప్రశాంతంగా ఉన్నప్పుడు. పానిక్ వచ్చాక మొదటిసారి మొదలుపెడితే పనిచేయదు. బాగా అలవాటయ్యాక ఇంకో చిక్కు వస్తుంది: ప్రతి చిన్న దడకూ ఊపిరి లెక్కపెట్టడం కొత్త భద్రతా ప్రవర్తన అయిపోతుంది. అప్పుడు థెరపిస్టు దాన్ని మానేయమంటారు. కాగితం సంచిలో ఊపిరి తీయమనే పాత పద్ధతి జోలికి వెళ్లకండి, ఉబ్బసమో గుండె జబ్బో ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

అన్నిటికంటే వింతగా అనిపించేది భయపెట్టే లక్షణాలను కావాలని తెచ్చుకోవడం. ఉన్నచోటే ఒక నిమిషం పరుగు, దడ వస్తుంది. తిరిగే కుర్చీలో ఒక నిమిషం, తల తిరుగుతుంది. ముక్కు మూసుకుని ఒక నిమిషం సన్నటి స్ట్రాలోంచే గాలి, ఊపిరి బిగుసుకుంటుంది. ఒక నిమిషం వేగంగా ఊపిరి, తిమ్మిరి వస్తుంది. ఏది నాకొచ్చే పానిక్‌కు దగ్గరగా ఉందో చూసి, దాన్నే రోజూ మూడు నాలుగుసార్లు చేయాలి. అయ్యాక నీళ్లు తాగకుండా, కూలబడకుండా, అలాగే నిలబడి ఉండాలి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ (ఫిట్స్) ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరు ఒప్పుకుంటే తప్ప చేయకూడదు. మొదటిసారి థెరపిస్టు ఎదుటే చేయాలి, వీడియోలోనైనా సరే. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: ఇరవై సెకన్లకు ఆపేయడం. ఆపిన చోటే 'ఇంకో పది సెకన్లయితే పోయేవాడిని' అన్న నమ్మకం గట్టిపడుతుంది.

తర్వాత నిచ్చెన. భయపడి మానేసిన పనులను వందకు మార్కులు వేసి కిందినుంచి పైకి పేర్చడం. ఇక్కడివాళ్లలో చాలామందికి వచ్చేది రైలు, బస్సు భయం, ఎందుకంటే పెద్దాసుపత్రి, కాలేజీ, చుట్టాలు, పెళ్లిళ్లు అన్నీ విజయనగరం లైను మీదే. దానికి ఒక నిచ్చెన ఇలా ఉంటుంది. రాయగడ స్టేషన్ బయట పావుగంట నిలబడటం 20. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఒక బండి వచ్చి వెళ్లేదాకా చూడటం 35. తోడు తీసుకుని పాసింజరులో జిమిడిపేట దాకా 45. ఒంటరిగా పార్వతీపురం 60. ఒంటరిగా బొబ్బిలి, తలుపుకు దూరంగా లోపలి సీట్లో 70. జనరల్ బోగీలో రద్దీగా విజయనగరం 85. మాత్ర జేబులో లేకుండా విశాఖ 95. నీళ్ల సీసా సంగతి కూడా అడుగుతుంటారు. మే నెలలో ఆ లైను మీద నీళ్లు లేకుండా వెళ్లడం చికిత్స కాదు, వడదెబ్బ. సీసా దాహానికి తాగితే తప్పు లేదు, దడ వచ్చినప్పుడు తాగితేనే అది లెక్కలోకి వస్తుంది.

ప్రతి మెట్టుకూ ముందు ఒక వాక్యం రాయాలి: 'గుమడ స్టేషను దాటేలోపు దడ 90కి వెళ్తుంది, నేను కేకలు పెట్టి చైను లాగేస్తాను.' దిగాక ఏమైందో రాయాలి. ఒక మెట్టు విసుగు పుట్టేదాకా చేయాలి, ఒకసారి చేసి 'హమ్మయ్య' అనుకుని దాటేస్తే నిలవదు. వారంలో నాలుగైదు రోజులు చేయగలిగినవి కింది మెట్లలో పెట్టుకోవాలి, రోజూ రైలెక్కలేం కదా. మజ్జిగౌరమ్మ గుడి క్యూ, సంత, బ్యాంకు లైను, సినిమా హాల్లో మధ్య సీటు, మూసి ఉన్న షేర్ ఆటో, ఇవన్నీ అదే కండరానికి పని చెబుతాయి. వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో చేస్తేనే నేర్చుకున్నది గట్టిగా నిలుస్తుంది. ఫోన్లో రీల్సు చూస్తూ కళ్లు మూసుకుని ప్రయాణం ముగించడం లెక్కలోకి రాదు. శరీరం బండిలో ఉంది, మనసు పారిపోయింది. మధ్యలో తట్టుకోలేక దిగిపోతే? దిగొచ్చు. అయిదు నిమిషాలు ఆగి, అదే రోజు తర్వాతి బండికి ఎక్కాలి, కనీసం ఒక స్టేషను. వారం వాయిదా వేస్తే భయం ఆ వారమంతా వడ్డీ వేసుకుంటుంది.

పానిక్ లేకుండా రోజంతా మనసులో గిరగిర తిరిగే దిగులుకు ఈ నిచ్చెన సరిపోదు. పత్తి ధర పడిపోతే, పిల్లాడికి సీటు రాకపోతే, నాన్నకు బీపీ పెరిగితే, ఇలాంటి 'ఒకవేళ'లకు దిగులు గంట పెడతారు. పేరుకు గంట గానీ ఇరవై నిమిషాలే. సాయంత్రం ఒకే సమయం, ఒకే కుర్చీ, పడుకునే వేళకు కనీసం రెండు గంటల ముందు. పగలు వచ్చిన ప్రతి దిగులునూ ఒక మాటలో చీటీ మీద రాసి సాయంత్రానికి వాయిదా వేయడం. ఆ కుర్చీలో చీటీలను రెండు కుప్పలు చేయాలి: నేను ఈ వారం ఏదైనా చేయగలిగినవి, చేయలేనివి. మొదటి కుప్పకు ఎదురుగా ఒక పని, ఒక తేదీ. రెండో కుప్పను ఉన్నదున్నట్టు చదివి వదిలేయాలి. దాన్ని పరిష్కరించడానికి పూనుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. మొదటి వారం వాయిదా పడదు, పోరుతూనే ఉంటుంది. రెండో మూడో వారానికి సాయంత్రం కూర్చునేసరికి సగం చీటీలు చూసి 'ఇదేటి, దీనికా?' అనిపిస్తుంది.

ఇంట్లోవాళ్ల పాత్ర గురించి ఆసుపత్రిలో సరిగ్గా చెప్పరు. ప్రేమ ఉన్న ఇంట్లోనే ఈ రోగం బాగా బలుస్తుంది. అమ్మ రోజుకు పదిసార్లు 'ఏటీ అవదురా' అంటుంది, అన్నయ్య ప్రతిచోటికీ బండి మీద దింపుతాడు, వదిన సంతకు తనే వెళ్లిపోతుంది. ఒక సెషన్‌కు ఇంట్లో ఒకరిని తీసుకెళ్లి ఒప్పందం చేసుకోవాలి. 'నాకేం కాదు కదా' అని అడిగితే రోజుకు ఒక్కసారే జవాబు, తర్వాత 'పుస్తకంలో రాశావా?' అన్న మాట మాత్రమే. మొదట కఠినంగా ఉంటుంది, పెద్దవాళ్లకు మరీనూ. దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం, దిసారి (పల్లెల్లో పూజలు, నాటువైద్యం చేసే మనిషి) దగ్గరికి తీసుకెళ్లడం లాంటివాటి మీద పోట్లాట పెట్టుకోవడం దండగ. నానమ్మకు అదొక ఓదార్పు. మందు ఆపమననంత వరకు వాటితో నష్టం లేదు. తాయెత్తు మరిచిపోయి బయటికెళ్లిన రోజు కాళ్లు వణికితే మాత్రం అది కూడా నిచ్చెనలో ఒక మెట్టుగా చేరాల్సిందే, జేబులోని మాత్రలాగే.

మందుల గురించి. స్వల్పంగా ఉంటే థెరపీ ఒక్కటే సరిపోవచ్చు, మధ్యస్థం దాటితే రెండూ కలిపి వాడటం మామూలు. ఎక్కువగా రాసేది ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం (మెదడులో సెరటోనిన్ మీద పనిచేసే మందులు), ఉదాహరణకు ఎసిటాలోప్రామ్, తరచుగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచుతారు. మొదటి వారం పది రోజులు వికారం, నిద్ర చెదరడం, దడ కొంచెం పెరగడం ఉంటాయి. మందు పడలేదని చాలామంది ఆపేసేది సరిగ్గా ఈ రోజుల్లోనే. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్ లాంటివి అరగంటలో తగ్గిస్తాయి, చిక్కంతా అక్కడే. కొన్ని వారాలు రోజూ వాడితే అలవాటు పడిపోతారు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. పైగా అవి వేసుకుని రైలెక్కితే మెదడు నేర్చుకునేదేమీ ఉండదు, మెట్టు ఎక్కినా ఎక్కనట్టే. చీటీ లేకుండా ఇచ్చే మందుల షాపు దొరికిందని సంతోషించకండి. ఇప్పటికే రోజూ వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టరు చేత మెల్లగా తగ్గించుకోవాలి.

వీడియో సెషన్లకు ఊళ్లో పెద్ద సమస్య నెట్‌వర్కు కాదు, గది. రెండు గదుల ఇంట్లో అత్త ఎదుట ఏం చెబుతాం? ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డాబా మీద, ఆగి ఉన్న కారులో, మధ్యాహ్నం ఖాళీగా ఉండే షాపులో మాట్లాడేవాళ్లు ఉన్నారు. సిగ్నలు పోతే మామూలు ఫోన్ కాల్‌కు మారదామని ముందే అనుకోవాలి, లేకపోతే ఉన్న గంటలో పావుగంట 'వినిపిస్తోందా'కే సరిపోతుంది. నోటుబుక్కు పేజీల ఫొటోలు ముందురోజే పంపిస్తే సెషన్ నేరుగా పనిలోకి దిగుతుంది.

మామూలుగా 12 నుంచి 20 సెషన్లు. సగం దాటాక వారానికొకటి కాస్తా పదిహేను రోజులకు, తర్వాత నెలకు జరుగుతుంది. ఆఖరి రెండు సెషన్లలో ఒక కాగితం తయారుచేయిస్తారు: నాకు మళ్లీ మొదలవుతోందని చెప్పే గుర్తులు, అప్పుడు ముందు ఎక్కాల్సిన మెట్టు, ఎవరికి ఫోన్ చేయాలి. పరీక్షలప్పుడో, ఇంట్లో చావు జరిగినప్పుడో, నిద్ర లేని వారంలోనో లక్షణాలు తిరిగి తొంగిచూడటం సహజం. మానేసిన పనుల జాబితా మళ్లీ పెరుగుతోందా లేదా అన్నదే చూడాల్సింది.

మందు మాత్రం తగ్గిన వెంటనే ఆపరు. బాగున్నాక ఇంకా ఆరు నెలల నుంచి ఏడాది కొనసాగించి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. తగ్గించేటప్పుడు తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, చిరాకు రావచ్చు. మోతాదు మారిన కొద్ది రోజుల్లోనే మొదలైతే అది మందు తగ్గినందువల్ల కావచ్చు, సాధారణంగా రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. ఏమీ లేకుండా వారాలు గడిచాక పాత దిగుళ్లే మెల్లగా వచ్చి చేరుతుంటే రోగం తిరిగొస్తుండొచ్చు. డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు మోతాదు మార్చిన తేదీ, లక్షణం మొదలైన తేదీ రెండూ చెప్పండి. ఆయన మొదట అడిగేది అదే.